పచ్చనీటి వాసన

వరహాలబాబు పొద్దుటి నుంచీ కాలు కాలిన పిల్లిలా ఆఫీసంతా తిరుగుతున్నాడు. రాంగోపాల్‌పేట్‌లో కంప్యూటరు కోర్సుల బోర్డుల మధ్య ఇరుక్కున్న చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీ అది. అతను రాసిన ప్రోగ్రాం ఇవాళ సాయంత్రం విదేశీ వాతావరణ పరిశోధకులకు వెళ్ళాలి. వెళితే ఉద్యోగం పర్మినెంటు. అప్పుడు భీమిలిలో పుట్టింట ఉన్న భార్య సత్యవేణి ఆదివారం రైలెక్కుతుంది. చిలకలగూడలో గది తీసుకుని, కొత్త కుక్కరు కూడా కొనిపెట్టాడు మహానుభావుడు.

అన్నీ బాగానే ఉన్నాయి, మబ్బులే లేవు. సముద్రంలో కంటికి కనపడని నాచు ఒక వాయువును వదులుతుంది. అది పైకెళ్ళి సన్నని నలుసులవుతుంది. వాటి చుట్టూ ఆవిరి చేరితే మబ్బు, ఆ మబ్బు నీడన నీళ్ళు చల్లబడతాయి. ప్రోగ్రాం లెక్కగట్టేది ఇదే. తీరా చూస్తే తెరమీద బంగాళాఖాతం బోడిగా మండిపోతోంది. తప్పెక్కడుందో తెలియక అతనికి అన్నం సయించలేదు.

టీ తాగుదామని కిందికి దిగితే రోడ్డు పక్కన ఎండు చేపల బండి. ఆ వాసన తగలగానే భీమిలి గుర్తొచ్చింది. నీళ్ళు పచ్చబడిన రోజుల్లో సముద్రపు వాసన పడలేక వీధంతా తలుపులేసుకునేది. మిగతా రోజుల్లో ఆ ఊసే ఉండదు. ఆ పచ్చనీటి వాసన నాచు వదిలే వాయువుదే! ఓడల మీద దాన్ని కొలిచినప్పుడు వచ్చిన వాటిలో మరీ పెద్ద అంకెలన్నిటినీ మీటరు తప్పులనుకుని తీసిపారేసింది తనే. ఒడ్డున పుట్టి, వాసనొచ్చే రోజులనే పారేశాడు, చూడండి బుద్ధి.

పైకొచ్చి ఆ అంకెలు తిరిగి చేర్చి చూశాడు. తీరం వెంట తెల్లగా మబ్బులు కమ్ముకున్నాయి. కానీ మొత్తం లెక్క మళ్ళీ నడవాలంటే వారం పడుతుంది. నోరు మూసుకుంటే ఎవరికీ తెలియదు. కాసేపు కుర్చీలో కూర్చోలేక, నిలబడలేక సతమతమై, చివరికి మేనేజర్ మధుసూదన్‌కి ఉన్నదున్నట్టు చెప్పేశాడు.

"గిప్పుడా చెప్పేది? నీ పర్మినెంట్ కాగితం సంతకానికి తయారున్నది. డేట్ తప్పితే ఇంకో మూడు నెలలు ఆగుడే. జెర సోచాయించుకో," అన్నాడు మధుసూదన్.

"ఆ లెక్క తప్పు సార్. పంపకండి."

సాయంత్రం ఎస్టీడీ బూత్ నుంచి ఫోన్ చేసి సత్యవేణికి సంగతంతా చెప్పాడు. ఆమె ఏమంటుందోనని భయమేసి, మాట మార్చాలని, సముద్రం వాసనొస్తోందా అని అడిగాడు.

"నిన్నటికాణ్ణుంచీ. తలుపులేసుకు కూకున్నాం."

ముక్కు ఎగబీల్చిన చప్పుడు వినిపించింది. వాసనకైతే కాదు, అతనికి తెలుసు.

"గది వొదిలీకు బావా," అంది. "కుక్కరు కూడా ఎవరికీ ఇచ్చీకు."