ఆగని పంపు

గాజు పలకల వ్యాపారంలో నేను మొదట నేర్చుకున్నది బేరమాడటం కాదు, పగుళ్లను లెక్కలో వేసుకోవడం. లోడు బయలుదేరక ముందే ఇందులో కొన్ని పగులుతాయని అనుకోవాలి, అనుకునే ధర కట్టాలి. అప్పుడే నిజంగా పగిలినప్పుడు నిబ్బరంగా ఉండగలం. ఏ నష్టాన్నైనా అలా ముందే అనుకుని తట్టుకునేవాణ్ణి. ఆ లెక్క ఇంట్లో పనికిరాదని మా అమ్మాయి ఆ కారు బానెట్ విప్పినప్పుడు తెలిసింది. నాకున్నది ఒక్కతే కూతురు. అందులో పగుళ్ల కింద ఎంత తీసెయ్యను?

కారు నాదే. వెనక సీట్లు పీకేసి, పైన చెక్క చట్రం బిగించి, ఏళ్ల తరబడి దానిచేత గాజు మోయించాను. కార్బురేటర్ బండి. చలిగా ఉంటే మొరాయించేది, ఎత్తు కనిపిస్తే రొప్పేది. తుక్కు కొనేవాడికి కబురు పెట్టబోతుంటే అమ్మాయి అడ్డుపడింది. ఆమె లిఫ్టుల కంపెనీలో కంట్రోల్ బోర్డులకు ప్రోగ్రాం రాసి, బాగుచేసే విభాగాన్ని నడుపుతోంది.

“కార్బురేటర్ తీసేసి పెట్రోలు ఇంజెక్షన్ పెడతాను నాన్నా. పైన టర్బో కూడా. ఒక్కసారైనా ఇది ఊరి బయట ఆ కొండదారి రొప్పకుండా ఎక్కాలి.”

“ముసలిదానికి పరుగు పందెమా?”

“ముసలిదైపోలేదు, అలిసిపోయింది. దాన్ని అలా చేసింది మనమే.”

ఇంటి పక్కన గాజు పెట్టెలు పెట్టుకునే రేకుల షెడ్డు ఖాళీ చేయించింది. తోడుగా మా బావమరిదిని పిలుచుకుంది. అతనిది వెల్డింగ్ షాపు. సైలెన్సర్లు అతికించి అతికించి వేళ్ల కొనలు మొద్దుబారిపోయిన మనిషి.

“భయపడకు బావా, పేలితే ముందు నా వెల్డింగే పేలుతుంది,” అన్నాడు వచ్చీ రాగానే.

“నా భయం కూడా అదేరా.”

టర్బో అంటే చూడటానికి ఇనప నత్తగుల్లలా ఉంది. ఇంజన్ వదిలే పొగ వేగానికి దానిలోపల చక్రం తిరుగుతుంది. ఆ చక్రం ఇంజన్‌లోకి గాలి కూరుతుంది. గాలి పెరిగితే పెట్రోలూ పెరగాలి. ఎంత పెరగాలో కంప్యూటర్ పెట్టె చెబుతుంది, సన్నని ముక్కుల్లోంచి పెట్రోలు చిమ్ముతుంది. ఇదంతా అమ్మాయి చెప్పింది. చెప్పకుండా ఉంటే బాగుండేదేమో. నాకు అర్థమైన దగ్గర్నుంచే నిద్ర కరువైంది.

ఎందుకంటే పాత పంపు ఇంజన్‌కే అంటిపెట్టుకుని ఉండేది. ఇంజన్ ఆగితే అదీ ఆగేది. కొత్తది కరెంటు పంపు, వెనక టాంకీ పక్కన కూర్చుంటుంది. పాతది పెట్రోలును మెల్లగా నడిపించుకొచ్చేది. ఇది ఒత్తిడితో తోస్తుంది. గొట్టానికి సూదిమొనంత చిల్లు పడినా కారడం ఉండదు, చిమ్మడమే. ఆ గొట్టం పోయేది టర్బో పక్కనుంచి. బండి ఎత్తెక్కేటప్పుడు ఆ టర్బో కొలిమిలో ఇనుములా ఎర్రబడుతుందట.

“మరి ఇంజన్ ఆగితే ఈ పంపు సంగతేంటి?” అని అడిగాను.

“అదీ ఆగుతుంది. ఇంజన్ తిరుగుతోందా లేదా అని కంప్యూటర్ చూస్తూనే ఉంటుంది. తిరగడం లేదంటే పంపుకి కరెంటు కోసేస్తుంది. తలుపు తెరిచి ఉంటే లిఫ్టు కదలదు చూడు, అలాగన్నమాట.”

“కదిలిన లిఫ్టులు లేవా?”

“ఉన్నాయి. ఎవరో ఒకరు చెయ్యి పెట్టినవే అవన్నీ.”

వినడం వేరు, కళ్లతో చూడటం వేరు. సరుకును టార్చి పెట్టి చూడకుండా నేను ఎప్పుడూ దింపించుకోలేదు. రోజూ కొట్టు కట్టేసి నేరుగా షెడ్డుకు వచ్చి గొట్టాలు చూసేవాణ్ణి. కానీ ఇంజన్ ఆగి ఉంటే పంపు నడవదు, పంపు నడవకపోతే కారుతోందో లేదో తెలియదు. నా సణుగుడు భరించలేక అమ్మాయి ఒక స్విచ్ పెట్టింది. డ్రైవరు పక్క సీటు ముందు, మోకాలు తగిలే చోట. అది నొక్కితే కంప్యూటర్‌తో పనిలేకుండా పంపు నడుస్తుంది.

“ఇదిగో నీ ఆటబొమ్మ. బండి కదిలేటప్పుడు మాత్రం ఇది ఆఫ్‌లో ఉండాలి. గుర్తుంటుందా?”

“ఉంటుంది తల్లీ.”

బావమరిది దానికి ‘బావ మందుబిళ్ల’ అని పేరు పెట్టాడు. సాయంత్రం వచ్చి మా ఆవిణ్ణి అడిగేవాడు, “అక్కా, బావ బిళ్ల వేసుకున్నాడా? లేకపోతే రాత్రికి నిద్ర పట్టదు పాపం.”

నవ్వితే నవ్వనీ అనుకున్నాను. స్విచ్ నొక్కేవాణ్ణి. వెనకనుంచి తుమ్మెద రొదలా సన్నగా మొదలయ్యేది. టార్చి వేసుకుని ప్రతి అతుకు దగ్గరా పాత న్యూస్ పేపరు ముక్క అద్దేవాణ్ణి. పొడిగా వచ్చేది. అప్పుడుగానీ నాకు అన్నం సయించేది కాదు. ఆ రొద నా చెవులకు ఎంత అలవాటైందంటే కొట్లో బేరం మధ్యలో కూడా వినిపిస్తున్నట్టు ఉండేది.

బండిని ఎత్తు ఎక్కించి చూసే రోజు వచ్చింది. నడిపేది అమ్మాయి. పక్కన ఒకరు ల్యాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని అంకెలు చదవాలి. మా బావమరిది కూర్చుంటానన్నాడు.

“వాడొద్దు, నేను కూర్చుంటాను,” అన్నాను.

“నువ్వు అరవకుండా ఉంటావా?” అంది అమ్మాయి.

“అంకెలు చదవడమే కదా నా పని పొద్దున లేస్తే.”

“ఈ ఒక్క అంకె చూడు చాలు, ఒక వంతు పెట్రోలుకి ఎన్ని వంతుల గాలి పోతోందో చెప్పేది. పన్నెండు దగ్గర ఉంటే మంచిది. పైకి పోతోందంటే పెట్రోలు సరిపోవడం లేదని. పద్నాలుగు దాటితే గట్టిగా చెప్పు, లోపల పిస్టన్లు కరిగిపోతాయి.”

ఆమె గేటు తీయడానికి వెళ్లింది. నేను సీట్లో కూర్చుని చివరిసారిగా స్విచ్ నొక్కాను. రొద మొదలైంది. ఆపబోయి ఆగాను. ఆ కొండదారిలో వెనక లారీలుంటాయి. కంప్యూటర్ ఏదో పొరపాటుపడి సగం ఎత్తులో పంపు ఆపేస్తే? బండి నిలిచిపోతే? వెనకొచ్చే లారీ ఆగుతుందా? కొట్టుకి నేనెప్పుడూ ఒక్క చోటునుంచే సరుకు తెప్పించను. ఒకడు మొండిచెయ్యి చూపిస్తే ఇంకొకడు ఉండాలి. స్విచ్‌ను అలాగే వదిలేశాను. అమ్మాయి వచ్చి తాళం తిప్పింది. ఇంజన్ చప్పుడులో రొద కలిసిపోయింది. గేటు దగ్గర మా ఆవిడ చేతులు కట్టుకుని నిలబడి ఉంది. ఆమె పక్కన బావమరిది చెయ్యి ఊపాడు. నేను చేసింది జాగ్రత్తే అనుకున్నాను.

ఊరి వీధులు దాటే వరకు బండి బుద్ధిగా నడిచింది. ఎత్తు మొదలయ్యేసరికి అమ్మాయి యాక్సిలరేటర్ నొక్కింది. ఒక్క క్షణం ఏమీ జరగలేదు. తర్వాత ముందునుంచి టర్బో ఈల సన్నగా వినిపించింది, అది పెరిగి పెరిగి కీచుమంది, వీపు సీటుకు అతుక్కుపోయింది. నా బండి, గాజు మోసిన నా బండి, ఎప్పుడూ ఇలా కదలలేదు.

“చదువు నాన్నా!”

“పన్నెండు. పన్నెండు. పదకొండున్నర.”

“రొప్పడం లేదు చూశావా?” అంది. ఆ ముఖంలో ఉన్న సంతోషం నేను చూడలేకపోయాను. దారి పక్కన రాళ్లు వెనక్కి పరుగెడుతున్నాయి. నా కళ్లు అంకె మీద ఉన్నాయి, కాళ్లేమో నా వైపు లేని బ్రేకును తొక్కుతున్నాయి.

“పన్నెండు. పన్నెండున్నర. పదమూడు. అమ్మా, పైకి పోతోంది. పద్నాలుగు!”

ఆమె అప్పటికే కాలు తీసేసింది. ఇంజన్ దగ్గింది, ఇంకోసారి దగ్గింది, ఆగిపోయింది. ఆ ఊపుతోనే బండిని పక్కకు తిప్పి మట్టిలోకి దించి హ్యాండ్‌బ్రేకు లాగింది. మా వెనక లారీ ఏదీ లేదు. దారంతా ఖాళీ.

“కంగారుపడకు. ఏదో గొట్టం ఊడినట్టుంది. ఇంజన్ ఆగిందిగా, పంపు కూడా...”

మధ్యలోనే ఆగి చెవి పెట్టింది. నేనూ విన్నాను. వెనకనుంచి తుమ్మెద రొద, మా షెడ్డులో సాయంత్రాల్లో వినిపించినంత స్పష్టంగా. పెట్రోలు వాసన ముక్కుకు కాదు, గొంతుకు తగిలింది. బానెట్ అంచుల్లోంచి తెల్లని ఆవిరి లేస్తోంది.

“ఎందుకు ఆగడం లేదు ఇది?” అంటూ తాళం వైపు చెయ్యి చాపింది. ఆ లోపలే నా చెయ్యి మోకాలి దగ్గరికి వెళ్లింది. దొరకలేదు. ల్యాప్‌టాప్ అడ్డం. దాన్ని తోసేశాను. స్విచ్ వేలికి తగిలింది, జారింది, మళ్లీ తగిలింది. నొక్కాను. రొద ఆగింది. అదే క్షణంలో బానెట్ కింద ‘భగ్’ మని ఒక్క చప్పుడు, అద్దం అంచున నీలంగా ఒక మంట నాలిక.

“దిగు!”

బెల్టు ఎలా విప్పుకున్నానో తెలియదు. ఆమె వెనకనుంచి మంట ఆర్పే సిలిండర్ లాక్కుని ముందుకు పరుగెత్తింది. నేను బానెట్ ఎత్తబోయాను.

“ఎత్తకు! గాలి తగిలితే మొత్తం అంటుకుంటుంది. దూరం పో నాన్నా!”

పోలేదు. పోలేకపోయాను. ఆమె వంగి, చక్రం పక్కన సందులోంచి, తర్వాత బండి ముందున్న జాలీలోంచి పొడి కొట్టింది. ఆమె జుట్టు కొసలకు మంట ఎంత దూరంలో ఉందో చూస్తున్నాను. దాని తర్వాత ఏది అంటుకుంటుంది, ఆ తర్వాత ఏది అని బుర్ర దానంతటదే వరస కడుతోంది. వరస చివర చేరకముందే మంట తగ్గింది. పంపు ఆగాక తిండి అందని మంట మరి. నల్లటి పొగ ఒకటి బయటికొచ్చి, అంతటితో సరి. బానెట్ మీద రంగు పొక్కులు పొక్కులుగా లేచింది.

ఇద్దరం దారి పక్కన రాళ్ల మీద కూర్చున్నాం. ఆమె చేతులు తెల్లని పొడితో నిండి ఉన్నాయి. 

“నా ప్రోగ్రాం తప్పింది. ఇంజన్ ఆగితే పంపు ఆగాలి. అది ఒక్కటీ సరిగ్గా ఉంటే చాలు, మిగతావి తప్పినా బతుకుతాం. ఆ ఒక్కటే తప్పింది.”

ఆమె బండి వైపు చూసింది.

“తుక్కువాణ్ణి పిలువు. ఇక దీన్ని ముట్టుకోను.”

ఇన్నాళ్లుగా నేను కోరుకున్న మాట అది. బతిమాలకుండా, పోట్లాడకుండా, నోరు మెదపకుండా చేతికి వస్తోంది. ఊరుకుంటే చాలు. ఇంతకంటే మంచి బేరం నాకు జీవితంలో తగలలేదు.

“రేపు ఆఫీసులో కూడా చెప్పేస్తాను,” అంది చేతులు చూసుకుంటూ. “బోర్డుల పని వేరేవాళ్లకి ఇమ్మంటాను. నేను రాసింది పనిచేస్తుందని ఎలా నమ్మను? అందులో జనం ఎక్కుతారు.”

బేరంలో నాకు కనపడని భాగం అప్పుడు కనపడింది. కారు పోతే నా భయం పోతుంది. దాంతోపాటు ఆ చేతుల మీద ఆమెకున్న నమ్మకం పోతుంది. నిజం చెబితే ఆమె మళ్లీ ఈ ఎత్తు ఎక్కుతుంది. అది నాకు ఖాయంగా తెలుసు.

“నీ ప్రోగ్రాం తప్పలేదమ్మా. స్విచ్ ఆన్‌లో ఉంది. నేనే ఉంచాను. ఎత్తులో బండి ఆగిపోతుందేమోనని.”

ఆమె నా వైపు తిరిగింది. అరుస్తుందనుకున్నాను. గొంతు పెంచలేదు, అదే ఎక్కువ భయపెట్టింది.

“మా దగ్గర లిఫ్టు మెకానిక్కులు కొందరున్నారు నాన్నా. తలుపు సెన్సర్ ఊరికే సతాయిస్తోందని తలుపు ఎప్పుడూ మూసి ఉన్నట్టే కనిపించేలా దాన్ని ఒక వైరు ముక్కతో కలిపేస్తారు. ఎందుకు చేశారంటే, జనం మధ్యలో ఇరుక్కుపోకూడదని కదా మేడమ్ అంటారు. అందరికీ మంచి ఉద్దేశమే. వాళ్లని ఆ రోజే పనిలోంచి పంపించేస్తాను. నిన్నేం చెయ్యను?”

ఆమె లేచి, ఫోన్ తీసి వాళ్ల మావయ్యకు చేసింది.

అతను వ్యానుతో, తాడుతో వచ్చాడు. చల్లారాక బానెట్ ఎత్తి, చాలాసేపు తల లోపల పెట్టి చూశాడు. టర్బోను పట్టి ఉంచే ఇనప పట్టీ అంచు పెట్రోలు గొట్టాన్ని కోసేసింది.

“నిలబడి ఉన్నప్పుడు వీటి మధ్య వేలు దూరేంత సందు ఉంది బావా. లోడు పడితే ఇంజన్ ఒక పక్కకు ఒరుగుతుంది. నువ్వు షెడ్డులో ఎన్నిసార్లు కాగితాలు అద్దినా ఇది దొరికేది కాదు. ఆ అంచు నేను నున్నగా అరగదీయాల్సింది,” అన్నాడు. ఈసారి హాస్యం ఆడలేదు.

తర్వాత అతను ఆ పట్టీ మార్చాడు. అమ్మాయి గొట్టాన్ని వేరే వైపునుంచి తిప్పింది. స్విచ్ పీకేసి, వైర్లు కోసి, ఆ రంధ్రానికి మూత వేసింది. ఇంజన్ నడుస్తుండగా ఆపి, పంపు ఆగడం నాకు వినిపించింది, పదే పదే. నేను అడగలేదు. ఆమే పిలిచి వినిపించింది, కానీ నాతో మాట కలపలేదు.

మళ్లీ ఎత్తెక్కే రోజు నేను సీటు దగ్గరికి వెళ్లేసరికి అక్కడ మా ఆవిడ కూర్చుని ఉంది, ల్యాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని, కళ్లద్దాలు తుడుచుకుంటూ.

“నువ్వేంటి ఇక్కడ? దిగు.”

“నాకు అంకెలు రావనుకున్నారా? మీరు కూర్చుంటే చేతులు ఊరుకోవండీ. ఏదో ఒకటి ముట్టుకుంటారు.”

“ఇద్దరూ ఒకే బండిలోనా?”

“మరి విడివిడిగా ఎలా వెళ్తాం?”

అమ్మాయి నవ్వింది. ఆ కొండ దిగాక నా ముందు ఆమె నవ్వడం అదే మొదలు. అద్దంలోంచి నన్ను చూసి, “గేటు వేసుకో నాన్నా,” అంది. బండి కదిలింది.

గేటు వేయలేదు. పట్టుకుని నిలబడ్డాను. వీధి చివర మలుపు దాకా చప్పుడు వినిపించింది, తర్వాత లేదు. బావమరిది స్టూలు తెచ్చి వేశాడు, కూర్చోమన్నాడు. కూర్చోలేదు. అద్దడానికి కాగితం లేదు, నొక్కడానికి ఏమీ లేదు. కాసేపటికి దూరంగా, కొండ వైపునుంచి, టర్బో ఈల వినిపించింది. అది పెరుగుతోంది. పెరిగినంతసేపు బండి నడుస్తున్నట్టే. ఆగితే ఏమిటో నాకు తెలియదు. గేటు ఇనుము చేతిలో చెమటకు తడిసింది. నేను ఆ ఈలనే వింటూ నిలబడ్డాను.