ఎర్రసిరాతో రాసిన మాట

“అన్నంలో మళ్ళీ రాయి,” అంటూ గున్నేశ్వరరావు నోట్లో ముద్దను కంచం అంచున ఉమ్మేశాడు. “చేటలో నువ్వు చూసేది బియ్యమా, చుక్కలా?”

వీరవేణి చేటను ముక్కుకు ఆనించుకుని ఏరినా రాయీ నూకా ఒకేలా కనిపిస్తున్నాయని ఆర్నెల్లుగా భర్తకు చెబుతూనే ఉంది. రామచంద్రపురం వెళ్ళి కళ్ళు చూపించుకుంటానంది. “వంటింట్లో తిరిగేదానికి కళ్ళజోడెందుకే?” అన్నాడు. “పెళ్ళయి మూడేళ్ళు కాలేదు, ఇప్పుడు జోడు పెడితే గుడ్డిపిల్లని అంటగట్టారనుకోరూ? పొన్నగంటాకు తిను, చూపు బాగవుతుంది,” అంది అత్తగారు సంపూర్ణమ్మ. ఆ పొన్నగంటాకూ తనే కోయాలి, తనే బాగుచేయాలి. అందులో పురుగు వస్తే ఆ మాటా తనే పడాలి.

ఆయన హైస్కూల్లో సైన్సు మాస్టారు. సోమవారం ఇన్‌స్పెక్షను. అంతరిక్షంలో తిరిగే హబుల్ టెలిస్కోపు మీద చార్టు కావాలి. రాత వీరవేణిది, కింద పేరు ఆయనది. మధ్యాహ్నం భోజనమయ్యాక ఆయన పడక్కుర్చీలో వాలి చెబుతుంటే, ఆమె నేల మీద కాగితానికి ముఖం ఆనించి రాసింది.

“దాని పెద్ద అద్దాన్ని అంచు దగ్గర తప్పుగా అరగదీశారు. వెంట్రుక మందంలో యాభయ్యో వంతు తేడా, అంతే. నక్షత్రాలన్నీ అలికినట్టు కనిపించాయి. రాశావా? మొన్న తొంభైమూడు డిసెంబరులో ఏడుగురు పైకెళ్ళి, చూపు సరిచేసే అద్దాలు అమర్చి వచ్చారు. కళ్ళజోడు లాంటివన్నమాట. ఆ మాట ఎర్రసిరాతో రాయి, పిల్లలకు బాగా గుర్తుంటుంది.”

ఎర్ర స్కెచ్‌పెన్ను ఆమె చేతిలో ఆగింది.

“ఎంత దూరం వెళ్ళారండీ?”

“ఆరొందల కిలోమీటర్లు పైకి. ప్రాణాలకు తెగించి.”

రామచంద్రపురం బస్సులో పాతిక నిమిషాలు. మసకగా చూసినందుకు ఆ టెలిస్కోపును ఎవరూ కంచం ముందు నిలబెట్టి తిట్టలేదు. ఏ ఆకూ తినమనలేదు. దాని తప్పు కాదని అందరికీ తెలుసు. తన విషయంలో ఆ సంగతి ఈ ఇంట్లో ఒక్కరికీ తట్టలేదు. పాఠం చెప్పే ఈయనకైనా తట్టలేదు.

కళ్ళజోడు అని ఎర్రగా, పెద్దగా రాసింది. చార్టు చుట్టి బల్ల మీద పెట్టింది. వంటింట్లోకి వెళ్ళి, రాత్రి వంటకు తీసిన బియ్యం చేటతో సహా తెచ్చి ఆయన ఒళ్ళో పెట్టింది.

“ఏంటిది?”

“నేను కళ్ళు చూపించుకోడానికి వెళ్తున్నానండీ. వచ్చేసరికి ఏరి ఉంచండి.” వీరవేణి చెప్పులు వేసుకుంది. “రాళ్ళు చిన్నవే. వెంట్రుకలో యాభయ్యో వంతు కన్నా చాలా పెద్దవి. మీకు కనిపిస్తాయి.”