ఇరవై ఏళ్ళ బిగువు

పాత బండి ఇంజన్ విప్పడం నాకు గిట్టుబాటయ్యే పని కాదు. స్పేర్ పార్టులు అమ్మేవాడు పానా పట్టుకుంటే కౌంటర్లో కూర్చునేదెవరు? ఊళ్ళో సగం ఇంజన్లకు సామాను నా షాపు నుంచే వెళ్ళింది గానీ, నా చేత్తో ఒక్కటీ కట్టలేదు. మా ఆవిడ అడగబట్టి ఇదొక్కటీ కట్టాను.

ఆసుపత్రి నుంచి తిరిగి వస్తుంటే అడిగింది. ఆ డాక్టరు మంచి వ్యాపారి కాలేడు. సరుకు లేదని తెలిసీ ‘రేపు రండి’ అనడం అతనికి చేతకాదు. ఇక మందులు మార్చి ఉపయోగం లేదని, ఉన్నన్నాళ్ళు ఆవిడకు ఇష్టమైనట్టు ఉండనివ్వమని ఇద్దరినీ కూర్చోబెట్టే చెప్పాడు. మెట్ల దగ్గర ఆయాసం తీర్చుకుంటూ ఆవిడ, మన పాత బండి బాగుచేయండి, ఒక్కసారి కొండ ఎక్కాలి, అదీ మునుపటి స్పీడులో, అంది. సరే అన్నాను. ఏదో ఒకటి కొనిపెట్టమని ఉంటే నాకు సులువయ్యేది.

షాపు పెట్టిన కొత్తలో కొన్న మోటారుసైకిలు అది. గ్యారేజీలో అట్టపెట్టెల వెనక గోనెపట్టా కప్పుకుని పడి ఉంది. కిక్కు కదల్లేదు. పైన హెడ్డు తీసి చూస్తే సిలిండర్ లోపల తుప్పు, గీతలు. అమ్మకానికి వచ్చిన బండైతే తూకానికేసెయ్యమని చెప్పేవాణ్ణే.

గ్యారేజీ గుమ్మంలో కుర్చీ వేసి, వెనక దిండు పెట్టి ఆవిణ్ణి కూర్చోబెట్టేవాణ్ణి. మందులు వాడినప్పటి నుంచి పెట్రోలు వాసన పడటం లేదు. అందుకని సామానంతా ఇంటి వెనక పెట్రోలుతో కడిగి, సబ్బు నీళ్ళలో ముంచి, ఆరాక తెచ్చి ఇచ్చేవాణ్ణి. ఆవిడ పాత దుప్పటి ముక్కతో ఒక్కొక్కటే తుడిచి వరసగా పెట్టేది. మధ్యలో ఏదైనా బోల్టు ఎత్తి, ఇది మన బండిది కాదు, ఎవరికో అంటగట్టబోయి మనకే తగిలించుకున్నట్టున్నారు అనేది. షాపులో నా పక్కన కూర్చున్నన్నాళ్ళూ అంతే. మెకానిక్కులు బేరమాడాలంటే నా దగ్గరకొచ్చేవాళ్ళు, నిజం కావాలంటే ఆవిడ దగ్గరకెళ్ళేవాళ్ళు.

సిలిండర్ని లేత్ మిషన్ షాపు పెద్దాయన దగ్గరకు తీసుకెళ్ళాను. లోపలి గీతలు పోయేదాకా తొలిచి, దానికి తగ్గ పెద్ద పిస్టన్ వేయాలి. పిస్టన్‌కీ సిలిండర్‌కీ మధ్య వదిలే సందు వెంట్రుక కన్నా సన్నం, కానీ ఇంజన్ బతుకంతా అందులోనే ఉంటుంది. కాస్త వదులుగా పెడితే బండి మర్నాడే పరుగెడుతుంది, త్వరగా అరిగిపోతుంది. బిగువుగా పెడితే నెలల తరబడి సైకిల్లా నెమ్మదిగా నడిపి దారికి తెచ్చుకోవాలి. ఆ తర్వాత ఇరవై ఏళ్ళు దాని జోలికి వెళ్ళక్కర్లేదు.

ఎంత సందు పెట్టమంటావని పెద్దాయన అడిగాడు. బిగువుగానే పెట్టమన్నాను. ఆయన మిషన్ ఆపి నా మొహంలోకి చూశాడు. మా ఇంటి సంగతి ఆయనకు తెలుసు. ఆలోచించే చెబుతున్నావా అన్నాడు. ఎప్పుడూ చెప్పేదే చెబుతున్నాను, పని చూడు అన్నాను.

సిలిండర్ ఇంటికి తెచ్చాక ఆవిడ ఒళ్ళో పెట్టుకుంది. పిస్టన్ తీసుకుని పైనుంచి వదిలింది. వదులైతే దాని బరువుకు అదే కిందకు జారాలి. అది సగంలో నిలబడిపోయింది. వేలితో నొక్కితే గానీ కదల్లేదు.

“బిగువు పెట్టించారు,” అంది.

“ఎక్కువ కాలం వస్తుందని.”

“ఎంత కాలం?”

నేను పానాలు సర్దుతున్నాను.

“ఇరవై ఏళ్ళు. షాపుకొచ్చిన ప్రతివాడికీ చెప్పేదేగా,” అంది. “ఇరవై ఏళ్ళు దీని వెనక సీట్లో ఎవరు కూర్చుంటారండీ? ఎవర్నైనా చూసిపెట్టుకున్నారా?”

నవ్వింది. నవ్వు దగ్గులోకి దిగి చాలాసేపు ఆగలేదు. నీళ్ళు తాగించి, పొరపాటైంది, పొద్దున్నే పెద్దాయనకిచ్చి కాస్త సాపు చేయిస్తే వదులైపోతుంది అంటూ సిలిండర్ అందుకోబోయాను. ఇవ్వలేదు. రెండు చేతులూ చుట్టేసి పట్టుకుంది.

“వద్దు. డాక్టరు చెప్పాక కూడా నేనింకా ఇరవై ఏళ్ళుంటానని అనుకున్నది మీరొక్కరే. అలాగే ఉండనీయండి.”

ఇంజన్ అలాగే కట్టాం. పిస్టన్ రింగులు ఆవిడే ఎక్కించింది, నా వేళ్ళు మొద్దు. ఒక చిన్న క్లిప్పు చేతిలోంచి ఎగిరిపోతే నేను నేలంతా పాకాను. అది ఆవిడ దిండు మీదే ఉంది. నేనెంతసేపు పాకుతానో చూద్దామని ఊరుకుందట.

ఇంజన్ స్టార్టయిన రోజు గ్యారేజీ అంతా పొగ. మా అమ్మాయి ఆఫీసు నుంచి వచ్చి, నాన్నా, నీకేమైనా మతి పోయిందా అని ఒక పూటంతా నాతో మాట్లాడలేదు. మర్నాడు తనే తల్లికి మఫ్లర్ చుట్టి, బూట్లు తొడిగి ఎక్కించింది.

సాయంత్రాలు వీధుల వెంట తిరిగేవాళ్ళం. సైకిళ్ళు మమ్మల్ని దాటిపోయేవి. కూరల బండివాడు, షాపాయనా, దిగి తోసుకెళ్ళినా ఇంతకంటే ముందు ఇంటికి చేరతారు అన్నాడు. ఆవిడ, తొందరెందుకు నాయనా, ఇరవై ఏళ్ళు టైముంది అంది. వాడు నవ్వాడు. నాకు రోడ్డు మసకబారింది.

మొదట్లో సీటు వెనక కడ్డీ పట్టుకునేది. తర్వాత నా భుజం. ఆ తర్వాత పట్టు నిలవక, తువ్వాలుతో నా నడుముకి కట్టుకోవలసి వచ్చింది. కొన్ని సాయంత్రాలు మంచం దిగనే లేదు. ఇంజన్ మాత్రం ఇంకా బిర్రుగానే ఉంది.

ఒక పొద్దున నేను షాపుకు బయల్దేరుతుంటే మంచం అంచున కూర్చుని ఉంది. బూట్లు తనే తొడుక్కుంది, తాళ్ళు మాత్రం కట్టుకోలేకపోయింది. ఇవాళ కొండకి అంది. ఇంజన్ ఇంకా దారికి రాలేదు, ఎత్తులో స్పీడు పెడితే వేడెక్కి పిస్టన్ పట్టేస్తుంది, నీకు తెలియనిదా అన్నాను.

“ఇంజన్‌కి గడువిస్తున్నారు,” అంది, “నాకెక్కడిదండీ?”

చేతిలో ఉన్న సరుకును పాడుచేసుకున్న వాణ్ణి కాను నేను. త్రాసులో ఒక పక్క ఇంజన్, ఒక పక్క ఒక్క ప్రయాణం. ఎటు మొగ్గుతుందో చిన్నపిల్లాడైనా చెప్పగలడు. చెప్పుకోవడానికి నాకే ధైర్యం చాల్లేదు. ఆ ఇంజన్ పోతే నా ఇరవై ఏళ్ళూ పోతాయి. వంగి ఆవిడ తాళ్ళు కట్టాను. తువ్వాలు తెచ్చాను.

షాపు పెట్టిన కొత్తలో ఇదే బండి మీద కొండ మీది మెకానిక్కులకు సామాను ఇవ్వడానికి వెళ్ళేవాళ్ళం. ఎప్పుడూ మా ఇద్దరి మధ్య సరుకు పెట్టె ఉండేది. ఇన్నేళ్ళలో మధ్యలో ఏమీ లేకుండా ఆ దారి ఎక్కడం అదే మొదటిసారి. ఆవిడ గడ్డం నా భుజం మీద ఆనింది. గాలికి మఫ్లర్ ఊడి నా చెంపకు కొట్టుకుంటోంది. ఏదో అంటోంది, ఒక్క ముక్కా వినపడలేదు.

రెండు మలుపులు దాటేసరికి కాలిన ఇనుము వాసన వచ్చింది. ఇంజన్ గొంతు సన్నబడింది. అప్పుడైనా ఆపి చల్లారనిస్తే దక్కేది. మెల్లగా వెనక్కి దిగొచ్చేవాళ్ళం, ఇంకో సాయంత్రం ఇంకో వీధి తిరిగేవాళ్ళం. ఆవిడ అరచేత్తో నా వీపు మీద తట్టింది, ఇంకా అన్నట్టు.

ఎడమ చేతి రెండు వేళ్ళు క్లచ్ మీద పెట్టుకుని, కుడి చేత్తో యాక్సిలరేటర్ పూర్తిగా తిప్పాను.

పై మలుపు కనపడుతుండగా ఇంజన్ పట్టేసింది. అదే క్షణంలో క్లచ్ నొక్కాను కాబట్టి చక్రం బిగుసుకోలేదు. చప్పుడు లేకుండా కాస్త దూరం సాగి, రోడ్డు పక్కన ఆగాం.

“పోయింది,” అన్నాను.

“తెలిసింది,” అంది. “బాగా వెళ్ళాం.”

ఒక లారీ పక్కన ఆగి, ఏమైందని డ్రైవరు అడిగాడు. పొమ్మని చేత్తో సైగ చేశాను. తువ్వాలు విప్పి ఆవిణ్ణి దింపి, అమ్మాయికి ఫోన్ చేసి కారు తెమ్మందామనుకున్నాను. ముడి మీదకు చెయ్యి పోనిస్తే ఆవిడ నా చేతిని పట్టుకుంది.

“దిగకండి. కాసేపు ఇలాగే.”

బ్రేకు నొక్కి పట్టి, రెండు కాళ్ళూ నేలకు ఆనించి నిలబడ్డాను. బండి బరువు, ఆవిడ బరువు ఆ ఏటవాలులో నా మీదే ఉన్నాయి. ఆవిడ ఊపిరి వీపుకు తెలుస్తోంది. ఇంజన్ వేడి పిక్కలకు తగులుతోంది. అది పూర్తిగా చల్లారేదాకా అమ్మాయికి ఫోన్ చేయలేదు.