జరీ అతుకు

ముప్ఫై ఏడు, ముప్ఫై ఎనిమిది. లేసు పువ్వు చివరి వరుసలో కుట్లు లెక్కపెట్టుకుంటూ ఉషారాణి అరుగు మీద కూర్చుంది. దారం ఒరిసి ఒరిసి చూపుడువేలి పక్కన పడిన గాడిలో తెల్లదారం దానంతటదే జారుతోంది. ముప్ఫై తొమ్మిది దగ్గర లోపలినుంచి కూతురు కేకేసింది.

"అమ్మా, ఇక్కడ వెలగట్లేదు!"

లెక్క తప్పింది.

లోపల దుర్గాశ్రీ వెండిరంగు కోటుని మంచం మీద పరిచింది. ఫెన్సింగు ఆడేటప్పుడు పైన తొడుక్కునే లోహపుతీగల కోటు. అవతలివాళ్ల కత్తిమొన దానికి తగిలితే కరెంటు పారి దీపం వెలగాలి. పక్కటెముకల దగ్గర బొటనవేలంత చిరిగితే, నిన్న ఉషారాణి లేసుదారంతో అతుకు కనపడకుండా అల్లిపెట్టింది. ఇప్పుడు దుర్గాశ్రీ బ్యాటరీ సెల్లుకి కట్టిన చిన్న బల్బు తీగ ఒకటి కాలరుకి తగిలించి, రెండోది కోటంతా తిప్పింది. అంతటా వెలిగింది. అతుకు మీద ఆరిపోయింది.

"నూలుదారంలో కరెంటు పోదమ్మా. పోటీకి ముందు చెకింగులో పక్కన పడేస్తారు."

"అంత బాగా కుట్టానే!"

"బాగానే ఉంది. వెలగట్లేదంతే."

రైలు సాయంత్రానికి. హైదరాబాదులో కోచ్ ప్రసన్నకుమార్ గారిని కలిసి, అక్కణ్నుంచి బ్యాంకాక్. పెద్ద పోటీ కాదు, అంతర్జాతీయ పోటీల్లో కింది మెట్టు. నిరుడు ఇదే పోటీలో దుర్గాశ్రీ ఒక పాయింటు తెచ్చుకుంది. ప్రపంచ జాబితాలో అట్టడుగున ఆమె పేరు ఎక్కింది ఆ పాయింటుతోనే. ఏడాది తిరిగేసరికి దాన్ని తీసేస్తారట. ఈసారి మళ్లీ తెచ్చుకోకపోతే పేరే ఉండదు.

"గెలిచింది గెలిచినట్టే కదమ్మా. ఎలా తీసేస్తారు?" ఉషారాణి పదోసారి అడిగింది.

"ఏడాదే ఉంటాదమ్మా అది."

"తీసేసి ఎవరికిస్తారు?"

"ఎవరికీ ఇవ్వరు."

"మరి ఎక్కడికి పోద్ది?"

దుర్గాశ్రీ నవ్వింది. ఉషారాణికి నవ్వు రాలేదు. బడి మాన్పించకముందు ఏడో తరగతిలో వచ్చిన మార్కుల కాగితం ఆమె ట్రంకుపెట్టెలో ఇంకా ఉంది. ఆ మార్కులు ఎవరూ తీసెయ్యలేదు.

ఆ కాగితం కిందే పెళ్లిచీర ఉంది. జరీ కూడా లోహమే కదా అనిపించి, అంచునుంచి పోగు లాగి బల్బుకి పెట్టించింది. వెలగలేదు.

గుమ్మంలో వక్క నములుతున్న అత్తగారు పాపాయమ్మ మూతి తిప్పింది. "మీవాళ్లు పెట్టిన చీర ఇంతేనే. ఉత్త ప్లాస్టిక్కు."

"అది మీరు పెట్టిందేనండి, అత్తయ్యగారూ."

పాపాయమ్మ వక్క నమలడం ఆపేసింది. లోపలికెళ్లి, తన పాత వెండిజరీ చీర తెచ్చి కోడలి ఒళ్లో పడేసింది. దాని పోగు పెట్టగానే బల్బు వెలిగింది.

"చూసేవా?" అంది.

మధ్యాహ్నం దాకా ఉషారాణి అన్నానికి లేవలేదు. నూలు విప్పి, జరీపోగులు రెండేసి కలిపి, లేసు సూదితోనే అల్లింది. జరీ తెగినప్పుడల్లా ఆ వరుస విప్పి మళ్లీ మొదలుపెట్టింది. చివరికి అతుకు మీద కూడా బల్బు వెలిగింది. దుర్గాశ్రీ అమ్మ వేళ్లు పట్టుకుని చూసింది. ఏదో చెప్పబోయి, "బ్యాగు నేను సర్దుకుంటాలే," అంది.

నరసాపురం స్టేషన్లో రైలు కదిలింది. ఉషారాణి చెయ్యూపడం ఆపి నాలుగడుగులు వేసిందో లేదో ఫోను మోగింది.

"అమ్మా, కోటు ఇంట్లోనే పెట్టేసేను. కోచ్ గారికి ఫొటో పంపితే, చేత్తో అల్లింది ఒప్పుకోరేమో, పాయింటు విషయంలో రిస్కొద్దన్నారు. వాళ్ల అకాడమీది ఇస్తారంట. నీ మొహం చూసి చెప్పలేకపోయేను."

"వెలిగింది కదమ్మా."

"వెలిగిందమ్మా."

"మరి?"

సిగ్నల్ పోయింది. వెలగాలన్నారు, వెలిగింది, అయినా చాలదు. ఎక్కడ తప్పిందో ఆమెకు అంతుపట్టలేదు. అకాడమీ కోటు పిల్లకి సరిపోతుందో లేదో కూడా అడగలేదు.

ఇంటికొచ్చేసరికి అరుగు మీద పూర్తికాని లేసు పువ్వు అలాగే ఉంది. గదిలో తలుపు వెనక మేకుకి కోటు వేలాడుతోంది. బ్యాటరీ సెల్లు, బల్బు కిటికీలో ఉన్నాయి. పిల్ల చేసినట్టే ఒక తీగ కాలరుకి తగిలించి, రెండోది అతుకు మీద ఆనించింది.

పాపాయమ్మ చీర జరీ మీద బల్బు వెలుగుతూనే ఉంది.