తిప్పి చెప్పలేని మాట

వెయిట్‌లిఫ్టింగ్‌లో హారతికి వెండి పతకం వచ్చిన కాసేపటికే డోపింగ్ పరీక్ష మేడమ్ వచ్చింది. మూత్రం సీసాలో పట్టివ్వాలి. అదీ ఆమె కళ్లెదుటే, కింద మోకాళ్ల దాకా దించి, పైన చొక్కా ఎత్తి. ఎవరిదో దాచి తెచ్చి పోసే ఘనులుంటారు మరి! బతుకుతెరువుకు వలస వచ్చి, అమ్రోలి గల్లీలో నూలు కండెలు చుట్టుకుని బతికే తల్లి వెంకటవ్వకు ఇదంతా ఎవరు చెప్పారు? పెళ్లి కావలసిన పిల్ల ఒళ్లు పరాయి మనిషి చూడడమేమిటని హాలు దద్దరిల్లేలా అరిచి, కూతుర్ని గుంజుకెళ్లి ఆటో ఎక్కించింది. వెళ్లిపోతే మందు వాడినట్టే లెక్కని మేడమ్ హెచ్చరించినా హారతి వినిపించుకోలేదు.

ఎలా వింటుంది? జిమ్‌లో సీనియర్ ఇప్పించిన సూదుల మందు ఇంకా ఒంట్లోనే ఉంది.

ఇక వెంకటవ్వ, నా బిడ్డ నిప్పని గల్లీ గల్లీ చాటింది. ఆడవాళ్లంతా వంత పాడారు. నిజం చెప్పాలని హారతి రోజూ అనుకునేది. సిగ్గుతో చచ్చిపోతూనే రేపటికి వాయిదా వేసేది.

పరీక్ష ఇవ్వకుండా పోయినందుకు విచారణ వీడియో కాల్‌లో జరిగింది. విచారించే పెద్దలు తల్లి మాట నమ్మితే నిషేధం తప్పొచ్చని కోచ్ శ్యాంసుందర్ ఆశపడి, తన గదిలో లాప్‌టాప్ ముందు ఇద్దరినీ కూర్చోబెట్టాడు. తన బజారు హిందీ పెద్దల ముందు బాగుండదని వెంకటవ్వ తెలుగులోనే మొదలుపెట్టింది. దాన్ని హిందీలో చెప్పే పని హారతి మీద పడింది.

"నా బిడ్డకు ఏం తెల్వదు సార్. గుంజుకపోయింది నేను. శిక్ష ఏస్తే నాకెయ్యుర్రి. చెప్పు బిడ్డా."

హారతి 'మేరీ బేటీ' దాకా వచ్చి ఆగిపోయింది. తన మాట సరిపోలేదేమోనని వెంకటవ్వ కొంగు నిండా కప్పుకుని, ఆ తెర ముందు వంగి బల్లకు నుదురు ఆనించింది. హారతి ఆమెను భుజాలు పట్టి లేపింది. ఛీ, ఏం బతుకు తనది!

సూదులు వేసుకున్నానని, అమ్మకేమీ తెలియదని హిందీలో గబగబా చెప్పేసింది.

వెంకటవ్వకు ఆ మాత్రం హిందీ అర్థమవుతుంది. అయినా తడబడలేదు. కూతురి తలమీద చెయ్యి వేసి, తెర వైపు చూసి నవ్వింది.

"నన్ను కాపాడనీకె అబద్ధమాడుతుంది సార్. గసుంటి బిడ్డ నాది."

ఆ మాట హిందీలో చెప్పమని కూతుర్ని మోచేత్తో పొడిచింది. హారతి తెర వైపు చూడలేదు. తల్లి వైపు తిరిగింది.

"అబద్ధం కాదమ్మా. నిజంగనే ఏసుకున్న."

తలమీది చెయ్యి కాసేపు అలాగే ఉంది. తర్వాత వెంకటవ్వ దాన్ని తీసేసుకుంది.