పిట్టకు పెట్టిన ఆదివారం

మా ఆయన సీమోను పోయిన పదకొండో దినం ఆదివారం పడింది. పిట్టకు పెట్టడానికి ఆరాధన వేళే మంచిదని మా అత్త బాలవ్వ తీర్మానించింది. ఆ రెండు గంటలు పాస్టరయ్య చర్చిలోనే ఇరుక్కుని ఉంటారు, సమాధుల దిక్కు రాలేరు. అదీ ఆమె తెలివి.

రుద్రూరుకు కోసెడు దూరంలో ఉన్న మా ఊళ్లో మెథడిస్టులం నలభై ఇండ్లవాళ్లం. బాప్తిస్మం తీసుకుని రెండు తరాలైనా, చచ్చినవాడికి నచ్చిన తిండి సమాధి మీద పెట్టి, కాకి ముట్టేదాకా ఎదురుచూసే ఈ పిట్టకు పెట్టే అలవాటు మమ్మల్ని వదల్లేదు. కాకి ముడితే పోయినవాడి మనసు నిండినట్టు. ముట్టకపోతే ఏదో కోరిక మిగిలిపోయినట్టు. అప్పుడు చుట్టాలు ఒక్కొక్కరే ముందుకొచ్చి, నీ వాళ్లను చూసుకుంటామనో, నీ మాట నిలబెడతామనో అతనికి చెప్పుకోవాలి. ఇదంతా తప్పని పాస్టరయ్య ఏటా రెండుసార్లు ప్రసంగిస్తారు. అందరం బుద్ధిగా తల ఊపుతాం.

నేను మిషన్ హాస్టల్లో ఉండి ఏడో తరగతి చదివినదాన్ని. నాకు కాకుల మీద నమ్మకం లేదు. అయినా ఆ పొద్దున గుడ్లు ఉడకబెట్టింది నేనే. పదకొండు రోజులుగా మా అత్త నన్ను మంచిమాటలతో చంపుతోంది, అది ఎట్లాగైనా తేలిపోవాలని నా తపన.

అరవై నాలుగు చలికాలం అది. కాలువ కింద మాకు ఎకరన్నర చెరుకు ఉండేది. ఫలానా రోజు చెరుకు తెమ్మని ఫ్యాక్టరీ నుంచి చిట్టీ వస్తుంది. ఆ రోజు దాటితే మళ్లీ వంతు ఎప్పుడో తెలియదు, నరికిన చెరుకు ఎండి బరువు తగ్గిపోతుంది. మా చిట్టీ రోజున సీమోనుకు జ్వరం. బండి ముందురోజే నింపి పెట్టాం. తెల్లవారి అతను దుప్పటి కప్పుకుని గోడకు ఆనుకుని కూచుని, దేవయ్యను పంపుదామా అన్నాడు. దేవయ్య అంటే అతని అన్న, నాకు బావ. తాగితే ఎడ్లు ఏ దిక్కు పోతున్నాయో కూడా తెలియని మనిషి.

నాకు ఒళ్లు మండింది. "జెరం నీకొక్కనికే వస్తదా? లే, బండి కట్టు" అన్నాను.

నాలుగేళ్ల కాపురంలో నేనతనితో అన్న ఆఖరి మాట అదే. లేచాడు, పోయాడు. దారిలో ఒళ్లు తూలుతుంటే చెరుకు మీదికెక్కి పడుకున్నాడట. కల్వర్టు దగ్గర చక్రం గుంటలో దిగి, జారి కింద పడ్డాడు. చక్రం ఛాతీ మీది నుంచి పోయింది. జ్వరం లేకపోతే ముందు కూచుని పగ్గాలు పట్టుకునేవాడు. ఈ సంగతి ఎవరూ నాకు విప్పి చెప్పనక్కరలేదు.

నేను ఆ మాట అన్నప్పుడు మా అత్త అదే అర్రలో మంచం మీద ఉంది. విన్నది ఆమె ఒక్కతే. శవం ఇంటికి వచ్చినప్పటి నుంచి ఆమె ఎప్పుడు నోరు తెరుస్తుందా అని కాచుకుని కూచున్నాను. జుట్టు పట్టుకుని వాడంతా ఈడ్చినా ఎదురు చెప్పకూడదనుకున్నాను. ఆమె అదేమీ చెయ్యలేదు. పరామర్శకు వచ్చిన ప్రతి మనిషికీ ఒకటే కథ చెప్పింది. "పోయేటప్పుడు గూడ నా కోడలు చాయ కాసి, ఆడు తాగేదాక నిలవడి పంపింది."

వచ్చినవాళ్లు ముక్కు చీదుకుని నా తల నిమిరేవాళ్లు. నేను చాయ కాయలేదు. ఆ పొద్దున పొయ్యే వెలిగించలేదు. అబద్ధమని ఆమెకు తెలుసు, నాకు తెలుసు. రోజుకు ఇరవైసార్లు విన్నాను. నన్ను కుళ్లబొడవడానికే ఇట్లా చెబుతోందనుకున్నాను. తిట్టి ఉంటే ఆమె కాళ్ల మీద పడి ఏడ్చేదాన్ని. నాకు ఆ దారి కూడా మూసేసింది.

మా అన్న మోషే నవీపేట నుంచి వచ్చి ఉన్నాడు. పిల్లాజెల్లా లేనిదానివి, ఇక్కడ నీకేముంది, పదకొండో దినం కాగానే తీసుకుపోతానన్నాడు. నేను సరేనన్నాను. పోయేలోగా నాకు కావలసింది ఒక్కటే. ఆ ముసలామె నిజాన్ని నా మొహం మీద అనాలి. అనకుండా పంపితే నవీపేటలో కూడా నాకు నిద్ర పట్టదు.

సమాధుల దగ్గరికి మేం ఏడెనిమిది మందిమే పోయాం. చర్చి గంట మోగింది. కాసేపటికి చెరుకు గట్టు మీది నుంచి ఒక్కొక్కరే రావడం మొదలైంది. స్త్రీల సమాజం పెద్ద లక్ష్మవ్వ వచ్చింది. పాట ఎత్తేవాళ్లు ఇద్దరూ వచ్చారు. కానుకల సంచి పట్టే పెద్దమనిషి సంచితో సహా వచ్చాడు. పాస్టరయ్య చర్చిలో ఉంటారు గనక ఇది మంచి అదను అని మా అత్తకు తోచినట్టే అందరికీ తోచింది. ఆ పూట పాపం ఆయన బెంచీలకే ప్రసంగించి ఉంటారు.

మా అత్త మోదుగాకు విస్తరిలో అన్నం, మాంసం కూర, గుడ్లు పెట్టింది. పక్కన సీసాలో కల్లు. రెండేళ్ల కింద సీమోను చర్చిలో లేచి, కల్లు మానేశానని సాక్ష్యం చెప్పాడు. అప్పుడు స్తోత్రం అన్నవాళ్లే ఇప్పుడు సీసా కాస్త దగ్గరగా జరపమన్నారు.

కాకి రాలేదు. తుమ్మచెట్టు మీద మూడు ఉన్నాయి గానీ కదలవు. ఎండెక్కింది. నీ తల్లిని కనిపెట్టుకుని ఉంటామని లక్ష్మవ్వ చెప్పింది. నా చెల్లెలికి లోటు రానివ్వనని మోషే అన్న చెప్పాడు. సమాధికి సున్నం వేయిస్తామని ఎవరో అన్నారు. కాకులు విన్నట్టే లేవు. అప్పుడు అందరూ నా వంక చూశారు.

"ఆని పానమంత నీ మీదనే ఉంటది. చెప్పు బిడ్డా" అని లక్ష్మవ్వ నా భుజం తట్టింది.

నమ్మకం లేనిదాన్ని, అయినా విస్తరి దగ్గరికి నడిచాను. మా అత్త వంక చూశాను. ఆమె నేల చూస్తోంది. సరే, నువ్వు చెప్పకపోతే నేనే చెబుతాను, అందరి ముందూ చెబుతాను అనుకున్నాను. సీమోనుకు కావలసింది అదేనని ఆ నిమిషంలో నాకు గట్టిగా అనిపించింది. "నేనే" అని మొదలుపెట్టాను.

అంతలో దేవయ్య బావ నన్ను పక్కకు నెట్టి సమాధి మీద పడి బోరుమన్నాడు. తమ్మీ, ఇవాళ్టి నుంచి కల్లు ముట్టనని ఒట్టు పెట్టుకున్నాడు. రెక్కల చప్పుడైంది. కాకి దిగి గుడ్డు ముక్క ఎత్తుకుని పోయింది.

అందరూ హమ్మయ్య అనుకున్నారు. నేనే అని ఏం చెప్పబోయానో ఎవరూ అడగలేదు. దేవయ్య బావ ఒట్టు ఆ సాయంత్రం దాకా నిలబడింది. నాకు వచ్చిన కోపం మాత్రం బావ మీద కాదు, కాకి మీద కాదు. సీమోను మీద. నా ఒక్క మాటకు జ్వరంతో లేచి బండి కట్టినవాడు, నా మాట పూర్తయ్యేదాకా ఆగలేకపోయాడా? నాకు నమ్మకం లేదని ఇన్నేళ్లూ చెప్పుకున్నది ఉత్తదేనని అప్పుడు తెలిసింది.

స్నానాలకని అందరూ కాలువ దిక్కు నడిచారు. గిన్నెలు సర్దడానికి నేనూ మా అత్తా మిగిలాం. ఇక ఆగలేకపోయాను.

"నేను చాయ కాయలే అత్తా. ఏమని పంపిన్నో నువ్వు ఇన్నవు. ఎందుకు దాస్తున్నవ్?"

ఆమె గిన్నె కింద పెట్టి కూలబడింది.

"నిన్ను కాపాడనీకి గాదు" అంది. "నీ మాట బయటికొస్తే, మరి తల్లివి నువ్వేం జేస్తున్నవని నన్నడుగుతరు."

"ఆ తర్వాత నువ్వు మల్ల పండుకున్నవు గదా."

"పండుకోలే. నువ్వు ఎడ్లకాడికి పోయినవు. ఆడు నా మంచం కాడికొచ్చి, అవ్వా, పోవాల్నా అని అడిగిండు. పోకు బిడ్డా అంటే ఆగుతుండె. చెరుకు ఎండుతదని కండ్లు మూసుకున్న. పండుకున్నట్టు చేసిన. కొంచెంసేపు నిలవడి సూసి పోయిండు."

సిగ్గు విడిచి చెబుతున్నాను, నాకు ముందు వచ్చింది సంతోషం. పాపం నా ఒక్కదానిదే కాదని సంతోషం. ఆ తర్వాత ఆమెను కొట్టాలనిపించింది. అతను మంచం దగ్గర నిలబడి ఉన్నది కళ్లకు కట్టింది. ఇంట్లో ఇద్దరు ఆడవాళ్లు ఉండి, ఒక్కరైనా ఆగమంటారేమోనని చూశాడు.

"తల్లివి గదా" అన్నాను.

"పెండ్లానివి గదా" అంది ఆమె.

అంతకు మించిన తిట్టు మా ఇద్దరి దగ్గరా లేదు. అక్కడే కూచుని ఏడ్చాం, ఒకరినొకరు ముట్టుకోకుండా, ఎవరి ఏడుపు వాళ్లం. గట్టు మీది నుంచి మోషే అన్న బస్సు వేళయిందని కేకేశాడు. నేను లేచాను. మా అత్త నా చీర కొంగు పట్టుకుంది.

"నువ్వు పోతే గీ సంగతి తెలిసినోళ్లు నాకు ఇంకెవ్వరున్నరు? తిట్టు, కొట్టు. ఉండు."

రానని మోషే అన్నకు చెప్పాను. ఎందుకని అడిగితే, అత్తకు దిక్కులేదు అన్నాను. అన్న కళ్లు తుడుచుకుని ఒక్కడే బస్సెక్కాడు.

పదేళ్లు దాటింది. మాకు ఒకరి మీద ఒకరికి ప్రేమ పుట్టలేదు. కూరలో ఉప్పెక్కువైందని ఆమె అంటే, నేను ఆమె తల్లితనం దాకా పోతాను. ఎడ్లకు నీళ్లు పెట్టలేదని నేనంటే, ఆమె నా కాపురం దాకా వస్తుంది. నోరారా తిట్టుకున్న రోజు ఇద్దరం కడుపు నిండా తింటాం. ఏమీ అనుకోని రోజు గడవడమే కష్టం. కాలం అన్నీ మాన్పుతుందని లక్ష్మవ్వ ఇప్పటికీ అంటుంది. ఆమెకేం తెలుసు.

నిరుడు కొత్త పాస్టరయ్య వచ్చారు. ఊళ్లో మా కథ విని ఉంటారు, ఒక ఆదివారం దాని మీదే ప్రసంగం చేశారు. భర్త పోయినా అత్తను విడవని కోడలు, కోడలిని బిడ్డలాగా చూసుకున్న అత్త, సంఘానికి ఇంతకంటే ఆదర్శం ఏం కావాలన్నారు. మా ఇద్దరినీ లేచి నిలబడమన్నారు. లేచాం. చర్చి అంతా మా వంక తిరిగింది. ఆమె మోచెయ్యి నా చేతికి తగిలి అట్లాగే ఉండిపోయింది. ఇద్దరం తలలు దించుకున్నాం.

అయ్యగారు మా వినయాన్ని కూడా మెచ్చుకున్నారు.