జోడీ జీతం

"మా ఆమె సార్. ఇంటికాడ పొద్దుపోక నాతోటి వస్తది."

తిరుపతి ఆ మాట అన్నప్పుడు మానస చేతులు మోచేతుల దాకా బ్లీచింగ్ నీళ్ళలో ఉన్నాయి. నిన్న ఆడవాళ్ళు విడిచిపోయిన ఈతబట్టలు తొట్టి నిండా తేలుతున్నాయి. ఒక్కొక్కటే తీసి రుద్ది, జాడించి, పిండి తీగ మీద ఆరేయాలి. కాసేపట్లో గేటు తెరుస్తారు. మే నెల ఆదివారం. ఘట్‌కేసర్ దాటాక ఉన్న ఈ వాటర్ పార్కుకు ఉప్పల్ నుంచీ సైనిక్‌పురి నుంచీ జనం కార్లేసుకుని వస్తారు. నైలాన్ బట్టలు వేసుకోకుండా ఎవరినీ నీళ్ళలోకి దిగనివ్వరు. ఆ బట్టలు అద్దెకిచ్చే చోట ఆడవాళ్ళ వైపు కౌంటర్లో రెండేళ్ళుగా నిలబడుతున్నది మానస ఒక్కతే.

కొత్తగా వచ్చిన మేనేజరు అచ్యుతరావు గుమ్మంలో ఆగి, "ఈ అమ్మాయి వివరాలు రాశారా?" అని అడిగితే ఆమె భర్త ఇచ్చిన జవాబది. పక్కనే ఉన్న బసవరాజు, పార్కుకు పనివాళ్ళను పెట్టే కాంట్రాక్టరు, ఫోనులోంచి తలెత్తకుండానే నవ్వాడు. "ఫ్యామిలీ సార్, ఫ్యామిలీ," అన్నాడు. మేనేజరు తలూపి ముందుకు నడిచాడు. తిరుపతి వాళ్ళ వెనకే పోయాడు. ఒక్కసారైనా వెనక్కి తిరిగి చూడలేదు.

పొద్దుపోకనట. చేతిలోని బట్టను మానస ఎంత గట్టిగా మెలిపెట్టిందంటే కుట్టు పటుక్కున తెగింది. చీకటితో లేచి, నీళ్ళు పట్టి, అత్తకు అన్నం, మొగుడికి టిఫిన్ డబ్బా, పిల్లకు పాలు, అన్నీ చూసుకుని, నాచారం నుంచి ఇంత దూరం బండి వెనక పిల్లను గుండెకు అదుముకుని వచ్చేది పొద్దుపోకనా? వచ్చినప్పటి నుంచి కూర్చోవడమన్నది లేదు. "ఇది మరీ బిగుతుగా ఉందమ్మా, వేరేది ఇవ్వు." "తడి తడిగా ఇస్తారేంటి?" "అక్కా, జర నా పుస్తెలతాడు పట్టుకో, నీళ్ళల్ల పోతదేమో." మగవాళ్ళ ముందుకు ఆ బట్టల్లో ఎలా వెళ్ళడమని తలుపు దగ్గరే ముడుచుకుపోయే ఆడవాళ్ళకు భుజం మీద తువ్వాలు కప్పి, ఏం గాదమ్మా పోండి అని ధైర్యం చెప్పేదీ తనే. సాయంత్రానికి వేళ్ళ సందుల్లో తోలు లేచిపోతుంది. అన్నం కలుపుకుంటే పచ్చడి కారం మండుతుంది. వాడలోని ఆడవాళ్ళకు ఇదంతా ఎవరు చెబుతారు? "నీకేందే మానసా, దినాం వాటర్ పార్కుల్నే ఉంటవ్," అంటారు. అత్త సారలమ్మ మరీనూ. "మేము రెండేండ్లకొక్కపాలి జాతరకు పోవుడే గొప్ప. మా కోడలికి దినాం జాతరే," అని వచ్చినవాళ్ళకల్లా చెప్పి నవ్వుతుంది. మరి పిల్లనైనా చూసుకోమంటే, "దాని ఎంబడి ఉరుకుడు నాతోని గాదు బిడ్డా. నా మోకాళ్ళు పోయినయ్. కన్నోళ్ళే సూసుకోవాలె," అంటుంది. కన్నోళ్ళు అంటే ఇద్దరని మానస చాలాకాలం అనుకుంది.

అన్నిటికీ మూలం ఆ జోడీ. బసవరాజు మొగుణ్ణీ పెళ్ళాన్నీ కలిపే పనిలోకి తీసుకుంటాడు. పెళ్ళయిన మగవాడు ఒక్కడే వచ్చి పని అడిగితే, "జోడీ ఉంటే చెప్పు," అంటాడు. ఇద్దరికీ కలిపి ఒకే జీతం. అది మొగుడి పేరు మీదే పడుతుంది. ఒంటరి మగవాడికి ఇచ్చేదాని మీద నాలుగు వేలు ఎక్కువ, అంతే. ఆ నాలుగు వేలే మానస. పనిలో చేరిన రోజు బసవరాజు ఆమె ముందే ఎవరితోనో అన్నాడు. "జోడీ పెట్టుకుంటే మనకు మస్తు ఫాయిదా. పెండ్లాం ఉన్నదని మగోడు తాగి డుమ్మా కొట్టడు. మొగడున్నడని ఆడిది జీతం అడగది." అప్పుడు తిరుపతి కూడా నవ్వాడు. తొమ్మిదో తరగతి సగంలో మానసను బడి మానిపించినప్పుడు ఆమె నాన్న రాజయ్య కూడా అలాగే నవ్వుతూ చెప్పాడు, ఇంట్ల పని నేర్సుకో బిడ్డా, గదే నీకు అక్కరకొస్తదని. నిజమే, అక్కరకొచ్చింది. ఎవరెవరికి అక్కరకొచ్చిందో ఇప్పుడు లెక్క వేసుకుంటోంది. ఎదురుగా మగవాళ్ళ కౌంటర్లో ఇద్దరు పనిచేస్తారు. ఇద్దరికీ పెళ్ళి కాలేదు. అక్కడా ఇవే బట్టలు, ఇదే పని, కాకపోతే ఉతకరు. వాళ్ళ బట్టలు కూడా సాయంత్రం ఇటే వచ్చి పడతాయి. వాళ్ళిద్దరికీ రెండు జీతాలు.

"అమ్మా, ఉచ్చ," అంది హరిణి.

మూడేళ్ళ పిల్ల. ఆ గదిలో బట్టల ర్యాకు కాలికి మానస పాత చున్నీతో ఆమె నడుం కట్టేసి ఉంచుతుంది. ముడి విప్పి తీసుకెళ్ళి, తెచ్చి మళ్ళీ కట్టింది. కట్టడం ఒక నరకం. కట్టకపోతే ఇంకా నరకం. గది దాటితే పది అడుగుల్లో అలల కొలను. ఒకసారి, బట్టల కొలత చూస్తూ ఇటు తిరిగేలోపల పిల్ల కొలను గట్టు మీద చెప్పుల్లేకుండా నిలబడి చప్పట్లు కొడుతోంది. ఆరోజు నుంచి మానసకు నిద్రలో కూడా నీళ్ళ చప్పుడు. ఎవరైనా పిల్లలు కేరింత కొడితే గుండె జారిపోతుంది, అది కేరింతో కేకో తెలియక. బ్లీచింగ్ వాసనకు హరిణికి దగ్గు పట్టుకుంది. నాచారంలో ఒక టీచరమ్మ ఇంట్లోనే చిన్నపిల్లలను పొద్దంతా చూసుకుంటుంది. పాటలు నేర్పుతుంది, మధ్యాహ్నం పడుకోబెడుతుంది. అక్కడ వేద్దామని మానస ఎన్నిసార్లు అడిగినా తిరుపతిది ఒకటే మాట: "పైసలేడియి?"

అందుకే పనివాళ్ళందరికీ కొత్త కార్డులు ఇస్తారని తెలిసినప్పుడు ఆమెకు ఆశ పుట్టింది. వచ్చే నెల నుంచి ఎవరి జీతం వాళ్ళ ఖాతాలోనే వేస్తారట, పీఎఫ్ కూడా కడతారట, అందరి పేర్లూ ఈ ఆదివారమే రాసుకుంటారట. "నీ పేరు గూడ రాయిస్త తియ్," అని తిరుపతి పొద్దున బండి స్టార్ట్ చేస్తూ అన్నాడు. ఆధార్ కార్డూ బ్యాంకు పాస్‌బుక్కూ హరిణి సంచిలో బిస్కెట్ల కింద పెట్టుకుని వచ్చింది. తన జీతం తన చేతికొస్తే మొదటి నెలే పిల్లను టీచరమ్మ దగ్గర వేస్తుంది. దారి పొడుగునా అదే ఆలోచన. ఏదేదో ఊహించుకుని నవ్వుకుంది కూడా. దద్దమ్మ.

మధ్యాహ్నం అన్నం డబ్బా కోసం తిరుపతి వచ్చాడు. జారుడుబల్లల దగ్గర ఎండలో నిలబడి నల్లగా కమిలిపోయి ఉన్నాడు. మామూలప్పుడైతే ఆ ముఖం చూసి జాలిపడేది.

"పొద్దుపోక వస్తున్ననా నేను?"

"గిప్పుడెందుకే గదంత? తినేటప్పుడు."

"రాయిస్తనంటివి గద."

అతను ముద్ద మింగి, గొంతు తగ్గించాడు. "బసవరాజన్న పొద్దుగాల పిలిచి చెప్పిండు. నీ పేరు రాస్తే జోడీ జీతం చెరిసగం జేస్తడంట. నా అకౌంట్ల పడేది ఒంటరోళ్ళ కంటె తక్కువైతది. బండి కిస్తీ ఏడికెంచి కట్టాలె?"

"మిగిలిన సగం నాకు పడుతది గద."

"నీకు పడితేంది, నాకు పడితేంది? ఇల్లు ఒక్కటే గద మనది."

"గట్లనా? అయితే మొత్తం నాకే పడనీ."

తిరుపతి ఆమె ముఖంలోకి చూసి, పరాచికమాడుతోందనుకుని నవ్వాడు. ఆమె నవ్వకపోయేసరికి డబ్బా మూత టపుక్కున పెట్టాడు. "మొగోని జీతం పెండ్లాం అకౌంట్ల ఏస్తరా ఏడనన్న? నలుగురు వింటే ఇజ్జత్ ఏముంటది?"

"నీ జీతం గాదు. నా జీతం. చెరిసగమెందుకు జేస్తడు? ఎదురుంగ ఇద్దరికి రెండు ఇస్తలేడా? గది అడుగకపోతివి వాణ్ణి. పెండ్లాం పేరు కొట్టేసి వస్తివి."

"వాణ్ణి అడిగితే పని తీసేస్తడే పిచ్చిదానా. నీకేమెరుక బయటి సంగతి," అంటూ లేచాడు. పోతూ పోతూ పిల్ల బుగ్గ గిల్లాడు. కట్టేసిన పిల్ల బుగ్గ.

బసవరాజును అడగడానికి తిరుపతికి భయం. తన పేరు కొట్టేయడానికి లేదు. అదే మానసకు మింగుడు పడలేదు. భయం ఎవరికి లేదు? తనకు లేదా? రోజుకు ఎన్నిసార్లు ఆ కొలను వంక చూస్తుందో అతనికి తెలుసా? భయపడే మనిషికి ఇంకో మనిషి భయం కనపడాలి కదా. అలా ఎందుకు కనపడలేదు? రెండు తీగల నిండా బట్టలు దులిపి మడతపెడుతూ అదే అడుగుతోంది లోపల. కౌంటర్ ముందు ఆడవాళ్ళ వరస పెరుగుతోంది. పిల్ల మళ్ళీ ఏడుపు మొదలుపెట్టింది. ఒక్క క్షణం అని ఒకరికి కొలత వెతుకుతూ ఉండగా, వరసలో ముందున్న ఆవిడ కౌంటర్ మీదికి వంగి లోపలికి చూసింది.

"అయ్యయ్యో! పిల్లని కట్టేశావేంటి? కుక్కపిల్లా అది? తల్లివేనా నువ్వసలు?"

వెనకనున్నవాళ్ళు మెడలు చాచారు. ఎవరో ఫోను పైకెత్తారు. మానసకు ముఖం భగ్గుమంది. ఇన్నాళ్ళూ ఆ మాట ఎవరైనా అంటారేమో అని చచ్చిపోతూనే ఉంది. తల్లివేనా అంటే ఏం చెబుతుంది? ఆ పక్క కొలను ఉందని చెబుతుందా, ఇంట్లో మోకాళ్ళ నొప్పులని చెబుతుందా? ఆవిడ మీద కోపం రాలేదు. వింతగా, ఆవిడ మీద తప్ప అందరి మీదా వచ్చింది. చేతిలో ఉన్న బట్ట కింద పడేసింది. వంగి ముడి విప్పింది. తడికి బిగుసుకున్న ముడి, పళ్ళతో లాగితే గానీ రాలేదు. పిల్లను చంకనేసుకుంది. సంచీ భుజానికి తగిలించుకుంది. బయటికి వచ్చి, ఖాళీగా ఉన్న చేత్తో పట్టి షట్టర్ కిందికి లాగేసింది.

ఆ గరగర చప్పుడుకు వరస అంతా ఒక్కసారి లేచింది. "ఏంటి ఇది? టికెట్ కొన్నాం కదా!" "మా వాళ్ళంతా లోపలున్నారు!" "మేనేజర్ని పిలవండి!" ఒక్కరు కూడా ఏమైందమ్మా అని అడగలేదు. మానస షట్టర్ మీద చెయ్యి వేసి గోడకు ఆనుకుని నిలబడింది. అరవనీ అనుకుంది.

ముందు బసవరాజు ఉరికి వచ్చాడు. వెనకే తిరుపతి. ఆ వెనక అచ్యుతరావు.

"ఏయ్, ఎవరు మూయమన్నరు? తెరువ్!" అన్నాడు బసవరాజు.

"మానసా, గడబిడ జెయ్యకే. ఇజ్జత్ తియ్యకు. నీకు దండం పెడ్త," అన్నాడు తిరుపతి.

అచ్యుతరావు వరసను చూసి, గడియారం చూసుకున్నాడు. "ఏమ్మా, ఇంతమంది ఎదురుచూస్తుంటే కౌంటర్ ఎందుకు మూశావు?"

మానస మేనేజరు వైపు తిరిగింది. "నేను ఈడ పనిజేసేదాన్ని గాదంట గద సార్. పొద్దుపోక వస్తున్ననంట. పొద్దుపోయింది, ఇంటికి పోతున్న."

"సార్, ఆడోళ్ళ మాటలు..." అంటూ బసవరాజు అడ్డం రాబోయాడు. మానస అతని వైపు తిరగనైనా లేదు.

"రెండేండ్ల సంది ఈ కౌంటర్ నేనే సూస్తున్న సార్. అద్దం లెక్క సూస్తున్న. ఎదురుంగ ఉన్న ఇద్దరి బట్టలు గూడ నేనే ఉతుకుతున్న. ఆళ్ళల్ల ఒక్కనికి ఎంత ఇస్తరో నాకు గంత ఇయ్యుండ్రి. మా ఆయనది మా ఆయనకు ఒంటరోళ్ళకు ఇచ్చినంత ఇయ్యుండ్రి. జోడీ గీడీ వద్దు. గిదొప్పుకుంటే ఇప్పుడే తెరుస్త."

"రెండు పూర్తి జీతాలా?" బసవరాజు గట్టిగా నవ్వాడు. "తిరుపతీ, ఏందిరా ఇది? రేపటి సంది ఇద్దరు రాకుండ్రి."

తిరుపతి ముఖంలో నెత్తురు చుక్క లేదు. మానసకు కూడా లోపల ఏదో కూలింది. కానీ షట్టర్ మీంచి చెయ్యి తీయలేదు. వరసలో ఒకావిడ టికెట్ డబ్బులు వాపసు ఇమ్మని అరిచింది. దాంతో పది గొంతులు కలిశాయి. వాపసు, వాపసు. అచ్యుతరావు నుదుటి మీద చెమట తుడుచుకున్నాడు. న్యాయం అన్యాయం ఆయన ముఖంలో ఎక్కడా లేవు. ఆదివారం పూట వాపసు ఇవ్వాల్సిన డబ్బు మాత్రం ఉంది.

"బసవరాజు గారూ, మీ జోడీ గొడవ నాకొద్దు. ఇద్దరివీ విడివిడిగా రాయండి. అటువైపు కౌంటర్‌కి ఇచ్చేదే ఈమెకూ. అమ్మా, వివరాలు చెప్పి తెరిచెయ్యి. తొందరగా!" అంటూ ఫోను తీసి తనే నమోదు చేయడం మొదలుపెట్టాడు. పేరు, ఆధార్, బ్యాంకు ఖాతా. హరిణి సంచిలో బిస్కెట్ల కిందినుంచి తీసి ఇచ్చింది మానస. కాగితాలకు బిస్కెట్ పొడి అంటుకుని ఉంది.

"నామినీ ఎవరమ్మా? అంటే, నీకేమైనా అయితే ఈ పీఎఫ్ డబ్బు ఎవరికి చేరాలి?"

"తిరుపతి, సార్. మొగణ్ణి," అన్నాడు తిరుపతి. అలవాటుగా, ఆమె కంటే ముందే.

నాకేమైనా అయితే. రోజూ ఎన్నిసార్లు అనుకునే మాట అది. "గాదు సార్," అంది మానస. "హరిణి. నా బిడ్డ."

"చిన్నపిల్ల కదా, ఆ పేరొక్కటే కుదరదు. పెద్దయ్యేదాకా ఆ డబ్బూ పిల్లా ఎవరి చేతిలో ఉండాలో ఒక పెద్దమనిషి పేరు చెప్పాలి. తండ్రి పేరు వేసెయ్యనా?"

తిరుపతి ఒక అడుగు ముందుకు వచ్చి నిలబడ్డాడు. మానస అతణ్ణి చూసింది. పెళ్ళయిన తరవాత అంత నింపాదిగా అతని ముఖం చూసింది బహుశా ఇదే మొదటిసారి. పిల్లను ఇంకో చంకలోకి మార్చుకుని, షట్టర్ ఎత్తడానికి వంగుతూ చెప్పింది.

"గది జర సోంచాయించి చెప్త సార్. ఇప్పటికైతే ఖాళీగుంచుండ్రి."